చెక్ లైట్ బ్లింక్ అవుతుంటే ముందు ఏ సిలిండరో తేల్చండి

ప్రశ్న: నేను హన్మకొండలో ఉంటాను. పరకాల దగ్గర సర్కారు బడిలో టీచర్‌ని. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2014 మోడల్ పెట్రోల్ కారు ఉంది. నాలుగు సిలిండర్లది, లక్ష కిలోమీటర్లు దాటింది. పాత ఓనర్ గ్యాస్ కిట్ పెట్టించి తర్వాత తీసేశాడట. దసరాకు వాటర్ సర్వీసింగ్ చేయించాం. ఆ వారం నుంచి కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే, ముఖ్యంగా ఏసీ వేసుకుని నలుగురం కూర్చున్నప్పుడు, బండి గుంజుతలేదు. కుదుపులు ఇస్తూ ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైట్ బ్లింక్ అవుతోంది. బ్రిడ్జి దిగాక అదే లైట్ నిలకడగా వెలుగుతోంది. పెట్రోల్ వాసన కూడా వస్తోంది. ఒక మెకానిక్ బ్యాటరీ వైరు తీసి పెడితే లైట్ పోయింది, రెండు రోజులకే మళ్లీ వచ్చింది. ఇంకొకాయన సెన్సార్ పోయిందన్నాడు. మూడో ఆయన సైలెన్సర్‌లో కన్వర్టర్ మార్చాలి, అంత పెట్టలేకపోతే తీసేసి మామూలు పైపు వేస్తానన్నాడు. మా తమ్ముడేమో ఇదంతా ఇథనాల్ పెట్రోల్ వల్లే అంటాడు. ఎవరి మాట వినాలి? ఈ ఆదివారం ఈ బండి మీద కరీంనగర్ పోవచ్చా?

జవాబు: టీచర్ గారూ, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. పోవద్దు. ఆదివారం హన్మకొండ బస్టాండ్‌లో కరీంనగర్ బస్సెక్కండి.

లైట్ నిలకడగా వెలుగుతుంటే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. నిలకడగా వెలిగితే ఏదో లెక్క తప్పింది, వీలు చూసుకుని చూపించుకోండి అని అర్థం. నాలుగు రోజులు ఆగినా కొంపలేం మునగవు. బ్లింక్ కావడం వేరు. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ మండకుండానే సైలెన్సర్‌లోకి పోతోందనీ, ఆ పోయేది అక్కడ పొగలోని విషాన్ని తగ్గించే కన్వర్టర్‌ను పాడుచేసేంత ఎక్కువగా ఉందనీ ఇంజన్ కంప్యూటర్ చెప్తోందన్నమాట. మెకానిక్‌లు దీన్నే మిస్సింగ్ అంటారు. మీ కుదుపులు, పెట్రోల్ వాసన, బండి గుంజకపోవడం, అన్నీ దానికి సాక్ష్యాలే.

ఇది కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుందో తెలిస్తే మీరు మెకానిక్‌తో ధైర్యంగా మాట్లాడగలుగుతారు. సిలిండర్ లోపల మంట పడిందో లేదో చూసే కన్ను దానికి లేదు. సిలిండర్లన్నీ కలిసి తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, పక్కన ఉండే సెన్సార్ ఆ షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలుస్తుంటుంది. మీ ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే సెకనుకు వంద సార్లు, ఒక్కో సిలిండర్‌లో 25 సార్లు, పెట్రోల్ మండాలి. మండిన ప్రతిసారీ షాఫ్ట్‌కు ఒక తోపు పడుతుంది. నలుగురు మోసే మంచంలో ఒకడు అడుగు తప్పితే మంచం ఆ మూలకు ఒరిగినట్టు, మండని సిలిండర్ వంతు వచ్చేసరికి షాఫ్ట్ కొంచెం వెనకబడుతుంది. ఏ వంతులో వెనకబడిందో చూసి కంప్యూటర్ ఆ సిలిండర్ నంబర్ రాసి పెట్టుకుంటుంది. అప్పుడొకటి ఇప్పుడొకటి తప్పితే పట్టించుకోదు, హద్దు దాటితేనే బ్లింక్ చేస్తుంది. లోడ్ తగ్గి మిస్సింగ్ సర్దుకున్నాక లైట్ నిలకడకు వస్తుంది. బ్రిడ్జి దిగాక మీరు చూసింది అదే. నిలకడకు వచ్చింది కాబట్టి బాగైందని అనుకోవద్దు.

మన దగ్గర బీఎస్-4 పొగ నిబంధనల కింద వచ్చిన కార్లలో ఇలా మిస్సింగ్‌ను పట్టే ఓబీడీ-2 పద్ధతి 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. హైదరాబాద్‌లో బీఎస్-4 అమలు 2010లోనే మొదలైంది. మీది 2014 మోడల్, హైదరాబాద్ బండి కాబట్టి ఆ లైట్ మాట నమ్మొచ్చు. ఇంకా పాత బండ్లున్నవాళ్లు మాత్రం బండితో వచ్చిన పుస్తకం ఒకసారి చూసుకోవాలి. కొన్నిటిలో బ్లింక్‌కు వేరే అర్థం ఉంటుంది.

బ్రిడ్జి మీద మళ్లీ బ్లింక్ అయితే ఏసీ ఆపేయండి, రేస్ తగ్గించండి, మెల్లగా దిగిపోండి. దిగాక కూడా బ్లింక్ ఆగకపోతే పక్కకు తీసి ఇంజన్ ఆపేసి, టోచన్ కట్టించుకోవడమే మంచిది. ఎక్కడ ఆపుతున్నారో కూడా చూసుకోండి. కన్వర్టర్ లోపల తేనెపట్టు లాంటి గదులున్న పింగాణీ దిమ్మ ఉంటుంది, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. మామూలుగానే అది కొన్ని వందల డిగ్రీల వేడి మీద పనిచేస్తుంది. మండని పెట్రోల్ వచ్చి దాని మీద మండితే వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. పూత పాడవుతుంది, ఇంకా ముదిరితే గదులే కరిగి ముద్దవుతాయి. అంత వేడి వస్తువు మీ బండి కింద, నేలకు జానెడు దూరంలో ఉంటుంది. ఈ సీజన్‌లో మన పరకాల రోడ్డు సంగతి మీకు నేను చెప్పేదేముంది, అంచుల వెంట వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటాయి, పక్కన ఎండుగడ్డి. దాని మీదికి బండి ఎక్కించి ఆపకండి.

ఇక ఆ ముగ్గురి మాట.

బ్యాటరీ వైరు తీసినాయన మీకు సాయం చేయలేదు, ఉన్న సాక్ష్యం చెరిపేశాడు. ఏ సిలిండర్ తప్పింది, ఆ నిమిషంలో వేగం ఎంత, ఇంజన్ వేడి ఎంత అన్నీ కంప్యూటర్ దాచిపెట్టుకుంటుంది. బ్యాటరీ తీస్తే చాలా బండ్లలో అవన్నీ పోతాయి. లైట్ మళ్లీ వచ్చింది కాబట్టి సాక్ష్యం కూడా మళ్లీ తయారై ఉంటుంది. ఇకముందు ఎవరినీ బ్యాటరీ ముట్టనివ్వకండి.

సెన్సార్ అన్నాయన మోసం చేస్తున్నాడని నేననను, ఇది చాలామంది పడే పొరపాటు. సైలెన్సర్‌లో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్ ఉంటుంది. సిలిండర్‌లో పెట్రోల్ మండకపోతే దానితోపాటు వెళ్లిన గాలిలోని ఆక్సిజన్ కూడా అలాగే బయటికి వస్తుంది. సెన్సార్ దాన్ని చూసి గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది అని కబురు పెడుతుంది. కంప్యూటర్ ఇంకాస్త పెట్రోల్ పోస్తుంది. అప్పుడు కంప్యూటర్ రాసుకున్న తప్పుల నంబర్లు చదివే స్కానర్‌లో మిస్సింగ్‌తోపాటు సెన్సార్ లెక్కలు కూడా తప్పుగా కనిపిస్తాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు సెన్సార్‌ను మార్చేస్తారు, మిస్సింగ్ మాత్రం అలాగే ఉంటుంది.

కన్వర్టర్ అన్నాయన సంగతి ఇంకా ఖరీదైనది. కన్వర్టర్ చెడినా మిస్సింగ్ ఎక్కడినుంచి వస్తోందో తేల్చకుండా కొత్తది వేస్తే, పాతదాన్ని తిన్నదే కొత్తదాన్నీ తింటుంది. తీసేసి ఖాళీ పైపు వేయడం చట్టప్రకారం తప్పు. పొగ సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది, పీల్చే గాలికీ మంచిది కాదు. పైగా ఇందాక చెప్పిన ఆ మూడు లోహాల వల్ల పాత కన్వర్టర్‌కు తుక్కు కింద కూడా మంచి ధర పలుకుతుంది. మీ బండిలోంచి తీసింది ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి.

అందుకని ఏ సిలిండరో తేలేవరకు ఏ సామానూ కొనకండి.

స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డ్ అడుగున పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే నంబర్ వస్తుంది. ఫోన్‌తో పనిచేసే బ్లూటూత్ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, మీలాంటి పాత బండి ఉన్నవాళ్లకు ఒకటి ఇంట్లో ఉండటం మంచిదే. చౌకవి కొన్ని మాట్లాడవు, అందుకని తిరిగి తీసుకునే షాపులో కొనండి. పి 0301 నుంచి పి 0304 వరకు వస్తే చివరి అంకె సిలిండర్ నంబర్. పి 0302 అంటే రెండోది. చాలా బండ్లలో బెల్టు వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్క. పి 0300 వస్తే ఒకచోట నిలవకుండా వేర్వేరు సిలిండర్లలో తప్పుతోందని. పి 0171 తోడుగా ఉంటే ఎక్కడో గాలి లాగుతోందని అనుమానించాలి. వచ్చిన ప్రతి నంబర్ కాగితం మీద రాసుకోండి, ఫొటో తీసుకోండి, ఆ తర్వాతే చెరపనివ్వండి.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట బ్రిడ్జి. నిలబడినప్పుడు కాకుండా బరువు పడ్డప్పుడే మిస్సింగ్ వస్తోందంటే నా అనుమానం ముందు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల మీదికి, వాటికి కరెంటు ఇచ్చే కాయిళ్ల మీదికి పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ఏసీ లాగుతున్నప్పుడు సిలిండర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ ప్లగ్గు సందులో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. అరిగిన ప్లగ్గు, నీరసించిన కాయిల్ ఆ వోల్టేజ్ దగ్గరే చేతులెత్తేస్తాయి. నిలబడినప్పుడు వణుకుతూ, రేస్ ఇస్తే సర్దుకునే మిస్సింగ్ అయితే కథ వేరుగా ఉండేది. అప్పుడు పగిలిన గాలి పైపు, సరిగ్గా మూసుకోని వాల్వ్ ముందు వరుసకు వస్తాయి.

రెండో సాక్ష్యం వాటర్ సర్వీసింగ్. ప్రెషర్ గన్‌తో ఇంజన్ మీద కొడితే ప్లగ్గులు కూర్చున్న గుంతల్లోకి నీళ్లు దిగుతాయి. కాయిల్ అడుగున రబ్బరు బూటు ఉంటుంది, లక్ష కిలోమీటర్ల ఇంజన్ వేడికి అది గట్టిపడి చిట్లి ఉంటుంది. నీళ్లు అందులోకి చేరితే కరెంటు ప్లగ్గు కొసకు పోకుండా పక్కనున్న ఇనుములోకి దారి చూసుకుంటుంది. నీళ్లు వారంలో ఆరిపోతాయి కానీ కరెంటు ఒకసారి వేసుకున్న దారి మిగిలిపోతుంది. పూజకు బండి మెరవాలన్నది అర్థమవుతుంది, కానీ బానెట్ లోపల తడిగుడ్డ చాలు.

ప్లగ్గులు విప్పించే రోజు మీరు అక్కడే ఉండండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక విప్పమనండి. ఇంజన్ హెడ్ అల్యూమినియంది, వేడి మీద విప్పితే మరలు తెగుతాయి, అది ప్లగ్గుతో పోయే ఖర్చు కాదు. తీసిన నాలుగు ప్లగ్గులనూ ఒక పేపర్ మీద సిలిండర్ వరుసలోనే పెట్టించండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండర్ బాగున్నట్టు. ఒకటి మాత్రం నల్లగా తడిసి పెట్రోల్ వాసన కొడితే అది మండని సిలిండర్. జిగటగా ఇంజన్ ఆయిల్ ఉంటే, కొస మీదా లేక పైన తెల్లటి పింగాణీ మీదా అన్నది చూడండి. పైన ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ కారి గుంతలోకి ఆయిల్ దిగిందని, అది చిన్న రిపేరు. కొస మీద ఉంటే లోపల రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయని. తర్వాత ఆ పింగాణీని వెలుతురులో మెల్లగా తిప్పి చూడండి. సూదితో గీసినట్టు సన్నటి నల్ల గీత పై నుంచి కిందికి ఉందంటే ఇందాక చెప్పిన దొంగదారి అదే. అలాంటి ప్లగ్గును తుడిచి మళ్లీ వేయొద్దు, దాని మీద కూర్చున్న బూటునూ నమ్మొద్దు.

మామూలు నికెల్ ప్లగ్గులు ముప్పై, నలభై వేల కిలోమీటర్ల దాకా, ఇరిడియంవి దాదాపు లక్ష దాకా వస్తాయి. పాత ఓనర్ ఎప్పుడు మార్చాడో కాగితం లేకపోతే నాలుగూ మార్చేయండి, ఇందులో పీనాసితనం వద్దు. కాయిళ్లు మాత్రం నాలుగూ మార్చమంటే ఆగండి. ముందు తారుమారు చేసి చూడాలి. స్కానర్‌లో పి 0302 వచ్చిందనుకుందాం. రెండో సిలిండర్ మీది కాయిల్ తీసి మూడోదాని మీద, మూడోది తీసి రెండోదాని మీద పెట్టి, కోడ్ చెరిపి, మళ్లీ బరువు మీద కాసేపు నడపాలి. ఈసారి పి 0303 వచ్చిందంటే తప్పు కాయిల్‌తోపాటు జరిగింది, కాబట్టి కాయిల్ పోయింది. ఇంకా పి 0302నే వస్తే కాయిల్ తప్పు లేదు. ప్లగ్గుతోనూ ఇదే చేయొచ్చు, కానీ రెండూ ఒకేసారి మార్చి పెడితే ఏది దోషో తేలదు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. పావుగంట పని. దీనికి ఒప్పుకోని మెకానిక్ దగ్గర బండి వదలకండి. ఒక్కో ప్లగ్గుకు ఒక్కో కాయిల్ కాకుండా ఒకే కాయిల్ డబ్బా నుంచి వైర్లు పోయే బండి అయితే వైర్లను చూడాలి. రాత్రి చీకట్లో ఇంజన్ నడిపి బానెట్ ఎత్తితే కారే కరెంటు నీలంగా మెరుస్తుంది. చూడండి చాలు, చేతితో ముట్టకండి.

ప్లగ్గు, కాయిల్ రెండూ బాగున్నా అదే సిలిండర్ తప్పుతుంటే దానికి పెట్రోల్ అందుతోందా చూడాలి. సిలిండర్‌కు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ వైరు పిన్ను వదులైందా, నీళ్లు పోయి పచ్చబడిందా. ఇంకోటి, ఎలుకలు. వడ్ల బస్తాలున్న ఇంటి ముందు బండి పెట్టేవాళ్లందరికీ ఇది తెలిసిందే, రాత్రి ఇంజన్ వెచ్చదనానికి చేరి పొద్దుటికల్లా వైరు మీది తొడుగు కొరికి పెడతాయి. బానెట్ కింద నల్ల పెంటికలు కనిపిస్తే స్కానర్ కంటే ముందు టార్చ్ పట్టుకుని వైర్లు చూడండి.

తమ్ముడి ఇథనాల్ వాదన. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, మీ 2014 బండి దాని కోసం తయారైంది కాదు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజ్ కొంత తగ్గుతుంది, పాత రబ్బరు పైపులకూ అది అంత మంచిది కాదు. ట్యాంకులోకి నీళ్లు చేరితే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుగుకు దిగి, ఇంజన్ దాన్నే ముందు లాగుతుంది. కానీ పెట్రోల్ నాలుగు సిలిండర్లకూ ఒకే పైపు నుంచి వస్తుంది. పెట్రోల్ చెడ్డదైతే నాలుగూ తప్పాలి, పి 0300 రావాలి, అదీ బంకులో పోయించుకున్న వెంటనే మొదలవ్వాలి. ఒకే సిలిండర్ నంబర్ పదేపదే వస్తుంటే తమ్ముడికి ఆ నంబర్ చూపించండి.

మిగిలింది ఆ గ్యాస్ కిట్. దీన్ని నేను చివర పెట్టాను కానీ తేలిగ్గా తీసుకోను. ఎల్‌పీజీ మీద ఎక్కువ నడిచిన పెట్రోల్ ఇంజన్లలో వాల్వ్ కూర్చునే సీటు త్వరగా అరుగుతుంది. సీటు అరిగితే వాల్వ్ లోపలికి దిగుతుంది, వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే టాపెట్ సందు తగ్గిపోతుంది, చివరికి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు మంటకు కాలుతుంది. ఇలాంటిది ప్లగ్గు మార్చినా, కాయిల్ మార్చినా పోదు. ప్లగ్గు విప్పిన రంధ్రంలో గేజ్ పెట్టి కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో, కొలవాలి. నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తక్కువ వస్తే అందులో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వే. వాల్వ్ అంటే హెడ్ దించే పని, అయినా ముందు టాపెట్ సందు కొలిపించండి, కొన్నిసార్లు సెట్టింగ్‌తోనే సరిపోతుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో తక్కువ వచ్చి, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ కింద ఉండే ప్యాకింగ్‌ను, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అనుమానించాలి. ఈ కొలత లేకుండా ఎవరైనా నేరుగా ఇంజన్ విప్పి హాఫ్ ఇంజన్ పని చేయాలి అంటే బండి తాళం తీసుకుని వచ్చేయండి.

మిస్సింగ్ పోయాక ఒక పని మిగిలి ఉంటుంది. ఇన్ని రోజులు మండని పెట్రోల్ సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే, లేదా ఆయిల్ ఉండాల్సిన గీత కంటే పైకి వచ్చి ఉంటే, సర్వీస్ తేదీ రాకున్నా ఆయిల్, ఫిల్టర్ మార్చించండి.

కన్వర్టర్ ఈ దెబ్బకు తట్టుకుందో లేదో అప్పుడు గానీ తెలియదు. కొన్ని వారాలు మామూలుగా నడపండి. కింద గులకరాళ్లు గలగలలాడినట్టు చప్పుడు వచ్చినా, ఎంత రేస్ ఇచ్చినా బండి గొంతు నొక్కినట్టు ముందుకు సాగకపోయినా, కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే పి 0420 నంబర్ వచ్చినా అప్పుడు మూడో మెకానిక్ చెప్పిన సామాను గురించి మాట్లాడుకుందాం. ఖాళీ పైపు గురించి మాత్రం కాదు.